గడపలోనే గండం.. చట్టమిచ్చిన అండ

హిందూపురం: ‘ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి’. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది మొదలు ఆటో మైకుల్లోనూ, టీవీల్లోనూ, ఫోను చేస్తే ముందుగా వినిపించే సందేశంలోనూ ఇదే మాట. వైరస్ బారి నుంచి కాపాడేందుకు అది తగిన సలహాయే. కానీ ఇల్లే క్షేమం కాని స్త్రీలు ప్రతి వీధిలోనూ ఉంటారన్న సంగతి ప్రభుత్వాలకు ఆలస్యంగా గుర్తుకొచ్చింది. భర్త చేతిలోనో, అత్తింటివారి చేతిలోనో దెబ్బలు తినే స్త్రీకి అంతకుముందు కనీసం పగటి పూట ఊపిరాడేది. అతడు పనికి వెళ్లేవాడు, లేదా ఆమె పనికి వెళ్లేది. లాక్‌డౌన్‌తో ఆ కాస్త వ్యవధీ పోయింది.

ఆ నిర్బంధం ముగిసి ఏళ్లు గడిచాయి. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో అమలైన పాక్షిక కర్ఫ్యూ సైతం పాత మాటే. అయినా ఆనాటి అనుభవాన్ని తిరిగి పరిశీలించవలసిన అవసరముంది. తలుపులు మూసుకున్న ఇంట్లోకి సాయం ఎలా చేరాలన్న ప్రశ్నకు చట్టంలో 2006 నుంచే సమాధానం ఉంది. అవసరమైన వేళ అది ఎక్కువ మందికి తెలియకపోవడమే విషాదం. నేటికీ దెబ్బలు తిన్న స్త్రీయే ఇల్లు వదిలి పోవాలన్నది హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో స్థిరపడిన భావన. చట్టం చెప్పేది అందుకు పూర్తిగా భిన్నం.

పుట్టింటి దారికి అడ్డుకట్ట

ఈ ప్రాంతంలో హింసకు గురైన స్త్రీ మొదట వెళ్లేది ఠాణాకు కాదు, పుట్టింటికి. బిడ్డను చంకనెత్తుకుని, బట్టల సంచితో బస్సెక్కడం, పది రోజులో నెలో తల్లి దగ్గర ఉండడం, ఆ తర్వాత ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుని ‘ఇకపై చేయి చేసుకోను’ అని భర్త చేత అనిపించి తిరిగి పంపడం తరతరాల రివాజు. ఇందులో న్యాయం పాలెంత అన్నది వేరే సంగతి. పంచాయితీలో ఆమె గోడు వినేవారి కన్నా సర్దుకుపొమ్మని చెప్పేవారే అధికం. అయినా ఆ పది రోజులు ఒంటికి విశ్రాంతి, ప్రాణానికి రక్ష.

2020లో ఆ దారే మూతపడింది. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాడు ఆగిన ఆర్టీసీ బస్సులు రాష్ట్రంలో మే 21న గానీ రోడ్డెక్కలేదు. ధర్మవరం జంక్షన్‌లో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. హిందూపురానికి మరో చిక్కు వచ్చిపడింది. పట్టణం దాటి కొద్ది దూరం వెళ్తే కర్ణాటక. గౌరిబిదనూరు, మధుగిరి, పావగడ ప్రాంతాలతో ఇక్కడి కుటుంబాలకు ఏనాటి నుంచో ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. సరిహద్దులో చెక్‌పోస్టులు బిగించిన తర్వాత అటు ఇచ్చిన ఆడబిడ్డ ఇటు రావడం దుర్లభమైంది. కర్ణాటకకు ఆర్టీసీ బస్సులు జూన్ 17న గానీ తిరిగి మొదలు కాలేదు. పైగా అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో తొలి కరోనా కేసులు మార్చి నెలాఖరున హిందూపురం, లేపాక్షి ప్రాంతంలోనే బయటపడ్డాయి. దాంతో ఇక్కడ కట్టడి మరింత బిగుసుకుంది. కంటైన్మెంట్ జోన్లుగా ప్రకటించిన వీధుల్లోకి కూరగాయలు సైతం బారికేడ్ల అవతల నుంచే అందాయి.

పెద్దమనుషుల పంచాయితీ కూడా సాగలేదు. నలుగురు గుమిగూడితే కేసు పెడతారన్న భయం ఒకవైపు, వైరస్ భయం మరోవైపు. ఇలా సంప్రదాయం చూపిన రెండు దారులూ ఒకేసారి మూసుకుపోయాయి. మిగిలినవి ఠాణా, ఆసుపత్రి, ఫోను. బయటికి వస్తే పోలీసులు కొడతారన్న మాట ఊరూరా పాకి ఉండటంతో ఠాణాకు వెళ్లడమంటేనే జంకు. వాస్తవానికి పోలీసు సేవలు, ఆసుపత్రులు లాక్‌డౌన్‌లో ఒక్కరోజూ ఆగలేదు. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లో మహిళల వసతి గృహాలు నడపడానికి స్పష్టంగా అనుమతి ఇచ్చారు. ప్రాణభయంతో గడప దాటే స్త్రీకి గమ్యం లేకపోలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పిన మైకు మాత్రం లేదు.

మగ్గం ఆగిన ఇంట్లో

ధర్మవరంలో ఇల్లే పనిచోటు. గుంతమగ్గం ఉన్న గదిలోనే వంట, అక్కడే పడక. భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది, పడుగు సరిచేస్తుంది. ఆమె చేతి పనికి వేరే కూలి లెక్క ఉండదు. చీర షావుకారుకు చేరి లెక్క తేలితేనే ఇంటికి డబ్బు. 2020 వేసవిలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. పట్టుచీరకు గిరాకీ పోయింది, మగ్గాలు ఆగాయి. మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి రూ.24 వేలు ఇచ్చే వైఎస్సార్ నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభమైంది. రెండో విడత సొమ్ము 2020 జూన్ 20న జమైంది. అంతవరకూ మూడు నెలలు అప్పులతోనే గడపవలసి వచ్చింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పని పోవడం వల్ల, అప్పుల వల్ల కొట్టాడని చెప్పడం తేలిక. అదే అప్పు, అదే ఆకలి భార్యకూ ఉన్నాయి. ఆమె ఎవరినీ కొట్టలేదు. కలిగిన ఇళ్లలోనూ హింస ఉంది, అది గోడ దాటి బయటికి వినపడదంతే. పని పోవడం హింసకు కారణం కాదు. ఉన్న హింసకు తీరిక, చాటు కల్పించింది.

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం, దాని చుట్టూ వెలిసిన అనుబంధ పరిశ్రమలు లాక్‌డౌన్‌లో ఆగిపోయాయి. హిందూపురం చుట్టుపక్కల తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలదీ అదే పరిస్థితి. హిందూపురం ప్రాంతంలోని వస్త్ర పరిశ్రమల్లో పనిచేసేవారిలో స్త్రీలు ఎందరో. నెల జీతం తెచ్చే కోడలి మాటకు ఇంట్లో కొంత విలువ ఉంటుంది. పనికి పోయే చోట చెప్పుకోవడానికి తోటివారు ఉంటారు. జీతం ఆగినప్పుడు కూలి మాత్రమే కాదు, ఆ రెండూ పోయాయి.

మద్యం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మార్చి చివరి వారం నుంచి దుకాణాలు మూతపడ్డాయి. తాగుబోతు భర్తలున్న ఇళ్లలో కొన్నిచోట్ల ఇది ఉపశమనమైతే, మందు దొరకని చిరాకు మరికొన్నిచోట్ల ఇల్లాలిపైనే పడింది. మే 4న దుకాణాలు తెరిచారు. రెండు రోజుల్లోనే ధరలు మొత్తం 75 శాతం పెరిగాయి. ఆదాయం లేని ఇంట్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? రేషను బియ్యం అమ్మకం నుంచి, భార్య దాచుకున్న పొదుపు సంఘం సొమ్ము నుంచి, ఆమె మెడలోని బంగారం నుంచి. సరిహద్దు ప్రాంతం కావడంతో చవక కర్ణాటక మద్యం దొంగదారిలో రావడం మరో బెడద.

కేసులు తగ్గాయి, గోడు పెరిగింది

లాక్‌డౌన్‌లో గృహహింస పెరిగిందా, తగ్గిందా అని అడిగితే లెక్కలు రెండు రకాలుగా పలుకుతాయి. భర్త, అతని బంధువుల క్రూరత్వం కింద దేశవ్యాప్తంగా 2019లో 1,25,298 కేసులు నమోదు కాగా, 2020లో 1,11,549కి తగ్గినట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2021లో ఆ సంఖ్య 1,36,234కి ఎగబాకింది. మరోవైపు జాతీయ మహిళా కమిషన్‌కు 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 16 వరకు గృహహింసపై 239 ఫిర్యాదులు అందాయి. అంతకుముందు 25 రోజుల్లో అందినవి 123. ఆ ఏడాది కమిషన్‌కు వచ్చిన మొత్తం 23,722 ఫిర్యాదుల్లో అయిదు వేలకు పైగా గృహహింసవే. అంటే ఠాణాకు నడిచి వెళ్లవలసిన చోట కేసులు తగ్గాయి, ఉన్నచోటు నుంచే చెప్పుకోగలిగిన చోట పెరిగాయి.

ఉత్తరం రాయలేని, ఈ-మెయిల్ తెలియని వారి కోసం కమిషన్ ఏప్రిల్ 10న ఒక వాట్సాప్ నంబరు ప్రకటించింది. ఫోను తన చేతిలో ఉన్న స్త్రీకి అది ఉపయోగపడింది. ఇంటికంతా ఒకే ఫోను, అదీ భర్త జేబులో ఉన్న ఇల్లాలికి ఏం లాభం?

ప్రపంచమంతటా ఇదే పరిస్థితి ఎదురైంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ 2020 ఏప్రిల్ మొదటి వారంలో ఇళ్లలో హింసను ఆపాలని దేశాలకు విజ్ఞప్తి చేశారు. స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో మందుల దుకాణానికి వెళ్లి ‘మాస్క్-19’ కావాలని అడిగితే చాలు, దుకాణదారు పోలీసులకు కబురు పంపే ఏర్పాటు చేశారు. జమ్మూ కశ్మీర్ హైకోర్టు ఏప్రిల్ 16న ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టి, కిరాణా, మందుల దుకాణాల వంటి చోట్లను స్త్రీలు భయం లేకుండా చెప్పుకోగల స్థలాలుగా గుర్తించాలని సూచించింది. మన దగ్గర సైతం పాలు, కూరగాయలు, మందుల కోసం ఉదయం పూట వెసులుబాటు ఉంది. ఆ వేళ కిరాణా కొట్టుకు వెళ్లే ఇల్లాలికి అటువంటి ఏర్పాటు ఉంటే ఎంత మేలు జరిగేదో ఊహించుకోవచ్చు.

లాక్‌డౌన్‌కు ముందే పరిస్థితి బాగుందనుకోవడానికీ వీల్లేదు. 2019లో రాష్ట్రంలో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18-49 ఏళ్ల వివాహితల్లో 30 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనట్లు తేలింది. అంతకన్నా కలవరపరిచేది మరొకటి. ఏదో ఒక కారణంతో భార్యను భర్త కొట్టడం సబబేనని చెప్పిన స్త్రీలు రాష్ట్రంలో 83 శాతానికి పైగా ఉన్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. నాలుగింట మూడు వంతుల మందికి పైగా ఎవరికీ చెప్పుకోనేలేదు.

చట్టం ఏమంటోంది?

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టాన్ని 2005లో చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. కొట్టడమొక్కటే హింస కాదని ఈ చట్టం చెబుతుంది. ఇష్టం లేని లైంగిక చర్య, సంతానం లేదనో మగబిడ్డ పుట్టలేదనో దెప్పడం, తిట్లు, బెదిరింపులు, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం, ఆమె స్త్రీధనాన్ని ఆమె సమ్మతి లేకుండా అమ్మడం లేదా తాకట్టు పెట్టడం అన్నీ హింసే. లాక్‌డౌన్‌లో మద్యానికో, జూదానికో భార్య నగను బలవంతంగా తాకట్టు దుకాణానికి చేర్చిన భర్త ఈ చట్టం దృష్టిలో తప్పు చేసినవాడే. ఆ నగను తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు.

ఇది భార్యలకు మాత్రమే వర్తించే చట్టమూ కాదు. తల్లి, అక్కచెల్లెళ్లు, వితంతువైన వదిన, పెళ్లి లేకుండా దంపతుల వలె కలిసి జీవిస్తున్న స్త్రీ అందరికీ వర్తిస్తుంది. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి దీన్ని ఆశ్రయించవచ్చు. హింసించినది అత్త అయినా, ఆడపడుచు అయినా ప్రతివాదిగా చేర్చవచ్చని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 6న తేల్చింది.

అన్నింటికన్నా ముఖ్యమైనది నివాస హక్కు. పట్టా ఎవరి పేరున ఉన్నా, తాను కాపురముండే ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉందని చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. ఆమెను వెళ్లగొట్టరాదని, అవసరమైతే హింసించే పురుషుడే ఇల్లు ఖాళీ చేయాలని ఆదేశించే అధికారాన్ని 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఇంట్లోని స్త్రీలను మాత్రం అలా ఖాళీ చేయమనే వీలు లేదు. ఇల్లు మామ పేరున ఉంది కాబట్టి కోడలికి హక్కు లేదనే వాదన చాలాకాలం చెల్లింది. 2006 నాటి ఒక తీర్పు అందుకు ఆధారం. సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ ఆహుజా కేసులో ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. అత్తమామల సొంత ఇల్లయినా, దంపతుల కాపురం అక్కడ సాగి ఉంటే అది ఉమ్మడి నివాసమే కావచ్చని స్పష్టం చేసింది. లాక్‌డౌన్ ఏడాదిలోనే వెలువడిన ఈ తీర్పు పల్లె వరకూ చేరవలసినంతగా చేరలేదు.

సొంతిల్లు లేక అద్దె ఇంట్లో ఉండేవారికి ఇదెలా వర్తిస్తుందన్న సందేహం సహజం. అద్దె ఇల్లు కూడా ఉమ్మడి నివాసమే. అక్కడ ఉండడం ఆమెకు క్షేమం కాదనుకుంటే అదే స్థాయి వసతి వేరే చోట చూపించాలని లేదా అద్దె చెల్లించాలని భర్తను ఆదేశించవచ్చు. పోషణ ఖర్చులు, వైద్య ఖర్చులు, నష్టపరిహారం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కూడా ఇదే దరఖాస్తులో కోరవచ్చు.

ఫోను చేసినా చాలు

తలుపులు మూసిన ఇంటికి చట్టం చూపిన దారి నియమావళిలో ఉంది. 2006 నాటి నియమావళి 9వ నియమం ప్రకారం హింస జరుగుతోందనో, జరగబోతోందనో ఫోనులో లేదా ఈ-మెయిల్‌లో నమ్మదగిన సమాచారం అందితే, అత్యవసర పరిస్థితుల్లో రక్షణ అధికారి వెంటనే పోలీసుల సాయం తీసుకోవాలి. పోలీసులు ఆయన వెంట ఆ ఇంటికి వెళ్లాలి. ఘటనపై నివేదిక రాసి మేజిస్ట్రేటుకు ఆలస్యం లేకుండా సమర్పించాలి. ఆ ఫోను బాధితురాలే చేయనక్కరలేదు. పొరుగింటివారు, బంధువులు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ఎవరైనా చేయవచ్చు. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై సివిల్ గానీ, క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదని చట్టమే హామీ ఇచ్చింది. ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని కిటికీ వేసుకునే పొరుగువారు ఈ సంగతి తెలుసుకోవాలి.

రక్షణ అధికారి ఎవరు? రాష్ట్రంలో ఈ బాధ్యతను మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారులకు అప్పగించారు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడటంతో ఈ మూడు పట్టణాలకూ పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. జిల్లాకు ఒక అధికారి, ఆయనకు మరో పది బాధ్యతలు. మూల మూలనున్న పల్లె నుంచి ఆ కార్యాలయానికి రావడం రోజంతా పట్టే పని. ఈ లోటును సుప్రీంకోర్టూ గుర్తించింది. జిల్లా, తాలూకా స్థాయిలో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి రక్షణ అధికారులుగా నియమించాలని 2025 మే 20న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టం వచ్చిన దాదాపు 20 ఏళ్లకు ఇలా ఆదేశించవలసి రావడమే అమలు తీరుకు అద్దం పడుతోంది. ఎవరిని కలవాలో తెలియని వారు ముందుగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలోని ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో అడగవచ్చు. ఊరి అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా కబురు పంపినా సరిపోతుంది.

రక్షణ అధికారి నివేదిక లేనిదే కోర్టు వినదన్న భయం అక్కర్లేదు. నివేదిక లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వులు ఇవ్వవచ్చని 2022 మే 12న సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలు నేరుగానైనా, న్యాయవాది ద్వారానైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మూడు పట్టణాల్లోనూ మేజిస్ట్రేటు కోర్టులున్నాయి. తొలి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లో ఉండాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అన్నది చట్టంలోని మాట. కోర్టు వాయిదాలు చూసినవారికి ఇది ఎంతవరకు జరుగుతుందో తెలుసు. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగడం ముఖ్యం. ప్రమాణపత్రం చూసి, ప్రతివాది హాజరు కాకముందే తాత్కాలిక రక్షణ ఇచ్చే అధికారం 23వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది.

కర్ణాటకలో కాపురం, హిందూపురంలో పుట్టిల్లు ఉన్న స్త్రీ ఏ కోర్టుకు వెళ్లాలి? ఈ ప్రాంతంలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అక్కడి మేజిస్ట్రేటుకు విచారణాధికారం ఉంది. తల్లి దగ్గరికి వచ్చి హిందూపురంలో ఉంటే హిందూపురం కోర్టులోనే వేయవచ్చు. ఇక్కడ ఇచ్చిన ఉత్తర్వు గౌరిబిదనూరులోనూ, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. క్రూరత్వం కేసును కూడా ఆమె ఆశ్రయం పొందిన ఊరి ఠాణాలో పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 9న రూపాలీ దేవి కేసులో తేల్చింది. ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదుకు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం వీలు కల్పించింది. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపే రోజులు చట్టప్రకారం చెల్లినట్లే.

కేసు వేరు, రక్షణ వేరు

ఈ రెండింటినీ కలగలపడం వల్ల చాలామంది వెనుకాడుతున్నారు. పాత శిక్షాస్మృతిలోని 498-ఏ సెక్షన్, ప్రస్తుత భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. అది నేరం కేసు, మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. అయితే ఫిర్యాదు చేయగానే అరెస్టు చేయడం 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తప్పనిసరి కాదు. గృహహింస చట్టం అలా కాదు. భర్తను జైలుకు పంపాలన్నది దాని ఉద్దేశం కాదు, హింస ఆగాలన్నదే ఉద్దేశం. కాపురం తెంచుకోవడం ఇష్టంలేని స్త్రీ కూడా రక్షణ ఉత్తర్వు తీసుకోవచ్చు. ఉత్తర్వును ధిక్కరించినప్పుడే అది నేరమవుతుంది. ఏడాది వరకు జైలు, రూ.20 వేల వరకు జరిమానా, బెయిలు హక్కుగా రాని నేరం.

ఠాణాకు వెళ్తే కౌన్సెలింగ్ పేరిట రాజీకి కూర్చోబెడతారన్నది సాధారణంగా వినిపించే ఆరోపణ. నిజానికి ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి ఆమెకు కొన్ని సంగతులు చెప్పి తీరాలి. రక్షణ ఉత్తర్వు కోరవచ్చని, రక్షణ అధికారి ఉన్నారని, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని, క్రిమినల్ కేసు పెట్టే హక్కుందని తెలియజేయడం అయిదో సెక్షన్ కింద ఆయన బాధ్యత. ఈ చట్టం కింద కోర్టు పంపిన కౌన్సెలింగ్‌లో కూడా ‘ఆమె ఇలా చేసింది కాబట్టి కొట్టాను’ అనే సమర్థనకు నియమావళి తావివ్వదు. పంచాయితీలో మొదట వినిపించే వాదన అదే కావడం గమనార్హం.

దెబ్బ తగిలితే చికిత్స ముందు. హిందూపురం జిల్లా ఆసుపత్రిలోనో, ధర్మవరం ప్రాంతీయ ఆసుపత్రిలోనో వైద్యుడికి ‘జారి పడ్డాను’ అని చెబితే చీటీలో అదే పడుతుంది. రేపు కోర్టులో ఎదురు తిరిగేదీ అదే కాగితం. ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో చెప్పి నమోదు చేయించుకోవాలి. గాయాల ఫొటోలు, బెదిరింపు సందేశాలు తుడిపేయకుండా నమ్మకమైన మరొకరి ఫోనుకు పంపి ఉంచడం మేలు. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల ధ్రువపత్రాలు, కాస్త డబ్బు ఒకచోట చేతికందేలా ఉంచుకోవాలి. గొడవ ముదిరినప్పుడు వంటింట్లోకి వెళ్లవద్దని ఈ రంగంలో పనిచేసేవారు హెచ్చరిస్తారు. కత్తి, కిరోసిన్, గ్యాసు అక్కడే ఉంటాయి. బయటికి దారి ఉన్న గది వైపు జరగాలి. పక్కింటివారితో ముందే ఒక గుర్తు అనుకోవచ్చు. బయట వేసిన ఫలానా తువ్వాలు కనిపిస్తే పోలీసులకు ఫోను చేయమని చెప్పి ఉంచితే, తన చేతిలో ఫోను లేని రోజున అదే ఆదుకుంటుంది.

ఖర్చు గురించి బెంగ వద్దు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార సంఘంలో తెల్లకాగితంపై దరఖాస్తు రాసిచ్చినా, 15100కు ఫోను చేసినా చాలు. ఆపద వేళ 112, మహిళలకు ప్రత్యేకంగా 181, పిల్లలకు 1098 పనిచేస్తాయి. జాతీయ మహిళా కమిషన్ 2021 జులైలో 7827170170 నంబరుతో నిరంతర సేవ ప్రారంభించింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన దిశ యాప్ స్థానంలో 2025 మార్చి 8న శక్తి యాప్‌ను రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. పాత యాప్ ఫోనులో ఉన్నవారు మార్చుకోవాలి. తక్షణం తలదాచుకోవలసి వస్తే సఖి కేంద్రాల్లో అయిదు రోజుల వరకు ఉండనిస్తారు. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం అక్కడే చూస్తారు. 181కి చెబితే దగ్గరలోని కేంద్రం వివరాలు చెబుతారు.

ఉత్తర్వు చేతికొచ్చాక దాని ప్రతిని ఠాణాలో ఇవ్వడం చాలామంది మరచిపోతున్నారు. కోర్టు ఆ ప్రతులను ఉభయ పక్షాలకూ, సంబంధిత ఠాణాకూ ఉచితంగానే ఇవ్వాలి. ఠాణాకు చేరిందో లేదో ఒకసారి వెళ్లి కనుక్కోవాలి, ఒక నకలు పుట్టింటిలో, మరొకటి పక్కింటిలో ఉంచాలి. రాత్రివేళ అతడు తలుపు తట్టినప్పుడు 112కు ఫోను చేసి ‘నాకు కోర్టు ఉత్తర్వు ఉంది, నంబరు ఇది’ అని చెప్పగలిగేలా ఆ నంబరును రాసి దగ్గర పెట్టుకోవాలి.